తువ్వాలు కింద జారిపోయిన వేలు

ముందుగా ఒక మాట. నేను బతికే ఉన్నాను. ఢిల్లీలో మస్తాన్‌వలి ఛాతీలోకి మరమనిషి దూరిందట, మనిషి తిరిగి రాలేదట అని మా ఊళ్లో ఎవరో పుణ్యాత్ముడు పుకారు పుట్టించాడు. మా వీధి చివర టీకొట్టాయన నన్ను చూసి చేతిలో గ్లాసు కింద పడేశాడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ మొదటినుంచీ చెప్పి చెప్పి నా నోరు ఎండిపోతోంది. "రాసి పెట్టు నాన్నా, అడిగినవాళ్ల చేతిలో కాగితం పెడదాం" అంది మా అమ్మాయి షమీమ్. నాలాంటి ఇంకొకడికి పనికొస్తుందని కూడా రాస్తున్నాను. నాకు కోపం ఎక్కువ. మధ్యలో ఎవరినైనా తిడితే ఏమీ అనుకోవద్దు.

గుంటూరు మిర్చి యార్డులో నాది ముప్పై ఏళ్ల కమీషన్ వ్యాపారం. రైతులు తెచ్చిన మిరపకాయల బస్తాలు నా కొట్టు ముందు దించుతారు. కొనేవాళ్లు వచ్చి కాయ విరిచి చూస్తారు. రైతు తరఫున బేరం నేను కుదురుస్తాను. మా బేరం నోటితో కాదు. ఇద్దరం చెయ్యీ చెయ్యీ కలిపి, పైన తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుంటాం. ఆ రోజు మార్కెట్టు ధర ఎంతో ఇద్దరికీ తెలిసిందే. దానిమీద క్వింటాలుకి ఇంకెన్ని వందలో వేళ్లు చెబుతాయి. రెండు వేళ్లు పడితే రెండు, ఐదు పడితే ఐదు. చుట్టూ పదిమంది నిలబడి చూసినా ఎవరికీ అంతుబట్టదు. కాగితం లేదు, సంతకం లేదు. చెయ్యే మాట.

ఆ తువ్వాలు కింద నేను ఎక్కువసార్లు పట్టుకున్న చెయ్యి సుబ్బారావుది. ఉత్తరాదికి మిర్చి ఎగుమతి చేసే వ్యాపారి. నాకన్నా మూడేళ్లు పెద్ద, అయినా "ఒరేయ్" అనుకునేవాళ్లం. పాతికేళ్లపాటు రోజుకి నాలుగుసార్లు పోట్లాడుకుని నాలుగుసార్లు టీ తాగేవాళ్లం. నా భార్య ఖాసింబీ చెయ్యి కన్నా అతని చెయ్యే నాకు బాగా తెలుసని ఖాసింబీయే దెప్పుతుంది.

2009, మార్చి

సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు మొదలైంది. ఎడమ కంటి రెప్ప వాలేది. పొద్దున బాగానే ఉండేది, సాయంత్రానికి సగం కన్ను మూసుకుపోయేది. యార్డులో పనిచేసేవాడికి కన్ను మండటం, ముక్కు కారటం, దగ్గు రావటం ఓ జబ్బా? మిరప ఘాటు అనుకున్నాను. అందరూ అదే అన్నారు. కంట్లో చుక్కలు వేసుకున్నాను. ఖాసింబీ మాత్రం రెండు మూడు రోజులు చూసి, "ఈ వయసులో ఎవరికి కన్ను కొడుతున్నారండీ?" అని నిలదీసింది.

తర్వాత నమలటం కష్టమైంది. సగం అన్నం తినేసరికి దవడలు అలిసిపోయేవి. కంచం ముందు నుంచి లేచిపోతుంటే వంట బాగాలేదని అలిగాననుకుంది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నేనేమో ఆవిడకి ఎందుకు కోపం వచ్చిందా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను.

ఆ నెలాఖరున ఒకరోజు, దర్శి అవతలనుంచి వచ్చిన బ్రహ్మయ్య అనే పెద్దాయన కాయ తెచ్చాడు. ఎర్రగా నిగనిగలాడుతున్న తేజ రకం. ముసలాయన దాన్ని కళ్లంలో ఎంత జాగ్రత్తగా ఆరబెట్టుకున్నాడో చూస్తేనే తెలుస్తోంది. అది ఆరోజు నాకు ఎనిమిదో బేరమో తొమ్మిదో బేరమో. సుబ్బారావు చెయ్యి అందుకుని తువ్వాలు కప్పాను. ఐదు వేళ్లూ పట్టాను. అతను ఒప్పుకున్నట్టు తల ఊపాడు. తువ్వాలు తీశాను.

"నాలుగుకి అయిపోయింది, తూకం పెట్టండి" అన్నాడు.

"నాలుగేంట్రా? ఐదు పడితేనూ!"

"ఎక్కడ పట్టావ్? నాలుగే. అది కూడా చచ్చీ చెడీ పట్టావ్. ఈమధ్య చూస్తున్నా, నాతో బేరమంటే చెయ్యి వదులుగా ఇస్తున్నావ్. ఇష్టం లేకపోతే చెప్పెయ్యరాదూ?"

మాలో వదులు చెయ్యి ఇవ్వటమంటే ముఖమ్మీద ఉమ్మటంతో సమానం. నాకు ఒళ్లు మండిపోయింది. వాణ్ణి అనకూడని మాటలన్నీ అన్నాను. వాడు మాత్రం ఒక్కటే అన్నాడు. "నీ చేతిలో అబద్ధం వచ్చిందిరా మస్తానూ."

పాపం బ్రహ్మయ్య మధ్యలోకి వచ్చాడు. "మీరిద్దరూ నా మూలాన పోట్లాడుకోమాకండయ్యా. నాలుగుకే ఇచ్చేయండి, నేను పోతా" అన్నాడు. నాలుగుకే ఇచ్చి, నా కొట్టు వైపు తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి సుబ్బారావూ నేనూ ఎదురుపడితే తలలు తిప్పుకున్నాం. నేను ఐదు పట్టానని అల్లా మీద ఒట్టు వేసి చెప్పగలను. చిటికెనవేలి దగ్గర నా పట్టు జారిపోయిందని, జారిన సంగతి నాకే తెలియలేదని అప్పుడెవరు చెబుతారు?

జూన్ నుంచి దీపావళి దాకా

ఎండాకాలం అంతా, వానలు పడ్డాక కూడా మొండికేశాను. చొక్కా పైగుండీ పెట్టుకోవటానికి చెయ్యి లేచేది కాదు. మధ్యాహ్నం దాటితే ఒక్క లారీ రెండు లారీలుగా కనిపించేది. దూరంనుంచి సుబ్బారావు ఇద్దరుగా కనిపించిన రోజున మాత్రం ఒక్కడితోనే పడలేకపోతుంటే ఇద్దరేంట్రా దేవుడా అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. ఓ సాయంత్రం మంచినీళ్లు తాగుతుంటే ముక్కులోంచి వచ్చేశాయి. అది చూసి షమీమ్ ఏడవలేదు, అరవలేదు. నరసరావుపేటలో తను చదువు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి, మర్నాడు పొద్దున్నే నన్ను గుంటూరులో నరాల డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది.

ఆ డాక్టరు గారు వేసిన ఇంజెక్షను నేను జన్మలో మరిచిపోను. అరగంట తర్వాత నా రెప్ప దానంతటదే పైకి లేచింది. ఖాసింబీ నా ముఖం రెండు చేతులతో పట్టుకుని, "వచ్చింది, నా మొగుడి కన్ను నాకొచ్చింది" అని ఆసుపత్రి వరండాలోనే గట్టిగా ఏడ్చింది. మరి కాసేపటికి రెప్ప మళ్లీ వాలిపోయింది. మందు బలం అంతవరకేనట. ఏ జబ్బో తేల్చుకోవటానికే ఆ సూది వేశారట.

జబ్బు పేరు నాకు నోరు తిరగదు గానీ, అర్థమైనంతలో సంగతి ఇది. నరం చెప్పే మాట కండకి సరిగా చేరటం లేదు. పొద్దున కొంచెం చేరుతుంది, వాడేకొద్దీ అలిసిపోతుంది. దీని మూలం ఛాతీలో ఉండొచ్చని స్కానింగు తీశారు. రొమ్ము ఎముక వెనక, గుండెకి ఆనుకుని, నిమ్మకాయంత గడ్డ. గడ్డ అనగానే ఖాసింబీ చేతిలో సంచీ జారిపోయింది. "అన్ని గడ్డలూ మీరనుకునేవి కావమ్మా. కానీ దీన్ని తీసెయ్యాలి" అన్నారు డాక్టరు గారు. ఆయన ఇంకా చాలా చెప్పారు. నా చెవికి ఎక్కింది ఒక్కటే. జబ్బు ముదిరితే ఊపిరి తీసే కండరాలు కూడా అలిసిపోతాయి.

ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాను. భయం వేసింది. ఆ మాట చెప్పటానికి సిగ్గు లేదు నాకు. ముప్పై ఏళ్లు బస్తాల మధ్య అరిచినవాణ్ణి, ఊపిరి తీసుకోవటం కూడా ఓ పనేనా అనుకున్నవాణ్ణి, ఆ రోజు నా ఊపిరిని నేనే లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

నాకు తెలియకుండా ఖాసింబీ మర్నాడు చేసిన పని తర్వాత తెలిసింది. నల్ల బురఖా తగిలించుకుని, పెళ్లై ముప్పై రెండేళ్లలో ఎన్నడూ కాలుపెట్టని యార్డులోకి తిన్నగా నడిచి, సుబ్బారావు కొట్టు ముందు నిలబడింది. హమాలీలంతా బస్తాలు దించటం ఆపి చూశారట.

"అన్నయ్యా, మీ స్నేహితుడి చెయ్యి అబద్ధం చెప్పలేదు. ఆ చెయ్యే పడిపోతోంది. డాక్టరు కాగితం తెచ్చా, మీకు ఇంగ్లీషు వచ్చుగా, చదువుకోండి" అందట.

అతను కాగితం చదివాడట. మళ్లీ చదివాడట. తర్వాత కొట్టు షట్టరు దించి, కాలికి చెప్పులు కూడా లేకుండా స్కూటరెక్కాడు. మా మంచం పక్కన కూలబడి, "ముందే ఎందుకు చెప్పలేదురా గాడిదా?" అన్నాడు. "నాకు తెలిస్తేగా, నీకు చెప్పటానికి" అన్నాను. "పాతికేళ్లు పట్టుకున్న చెయ్యి. అందులో బలం పోతుంటే పొగరు అనుకున్నాను చూడు, నాదిరా తప్పు" అని నా చెయ్యి తన ముఖానికి ఆనించుకున్నాడు. ఖాసింబీ టీ పెట్టి తెచ్చింది. గ్లాసు నేను ఎత్తలేనని తెలిసి వాడే నా నోటికి అందించాడు.

నవంబరు

మాత్రలతో కొంత తేరుకున్నాక ఆపరేషను మాట వచ్చింది. మామూలుగా అయితే రొమ్ము ఎముక నిలువునా కోసి తీస్తారట. నా కండల బలం చూస్తే ఆ కోత తట్టుకుని ఊపిరి అందుకోవటం కష్టమని డాక్టరు గారి అనుమానం. ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో రోబో సాయంతో చేస్తున్నారని, పక్కటెముకల సందుల్లో మూడు చిన్న గాట్లు చాలని చెప్పారు. షమీమ్ కంప్యూటరు ముందు కూర్చుని వివరాలన్నీ తీసింది.

నేను ససేమిరా అన్నాను. "డాక్టరు నన్ను ముట్టుకోడా?"

"ఆయన అదే గదిలో ఓ పక్కన కూర్చుని నడుపుతాడు నాన్నా. లోపలికి వెళ్లేవి యంత్రం చేతులు."

"చెయ్యి తగలకుండా బేరం ఏంటమ్మా? ఎముక కోసినా సరే, మనిషి చెయ్యి కావాలి నాకు."

నన్ను ఒప్పించటానికి ముగ్గురూ వారం రోజులు తంటాలు పడ్డారు. చివరికి సుబ్బారావు విసుక్కుని, "నేనూ వస్తా. ఆ డాక్టరు చెయ్యి నేను చూస్తా. నాకు నచ్చకపోతే ఆ సాయంత్రమే రైలెక్కేద్దాం. సరేనా?" అన్నాడు. అప్పుడు సరేనన్నాను.

డిసెంబరు, ఢిల్లీ

ఆ చలి గురించి మాకెవరూ చెప్పలేదు. చెప్పినా, వినేవాళ్లం కాదేమో. ఖాసింబీ సంచీ నిండా కారప్పొడులూ గోంగూర పచ్చడీ సర్దింది తప్ప ఒక్క స్వెట్టరు పెట్టలేదు. ఆసుపత్రి హాల్లో నలుగురం పళ్లు టకటకలాడిస్తూ కూర్చుంటే, ఎదురు బెంచీలో ఒక ముసలావిడ తను అల్లుతున్న ఊలు పక్కన పెట్టి, తన భుజంమీది శాలువా తీసి ఖాసింబీకి కప్పింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మర్నాటికి ఇద్దరూ ఒకరి మోకాలి మీద ఒకరు చెయ్యి వేసుకుని ఏవో చెప్పుకుంటున్నారు. ఆవిడ కొడుకు కూడా లోపలే ఉన్నాడని మూడోరోజు తెలిసింది.

కౌంటరు దగ్గర గుమాస్తా నా పేరు చూసి సంతోషపడి, చక్కటి ఉర్దూలో గడగడా మాట్లాడాడు. మా ఇంట్లో ఉర్దూ ఎక్కడిది? నమాజు తర్వాత నాలుగు ముక్కలు, అంతే. నేను "జీ, జీ" అని నీళ్లు నములుతుంటే సుబ్బారావు ముందుకొచ్చాడు. ఢిల్లీ వ్యాపారులతో ఫోనులో అరిచి అరిచి నేర్చుకున్న హిందీలో అన్నీ చెప్పాడు. ఆ గుమాస్తా నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూశాడు. పేషెంటుకి మీరేమవుతారని అడిగితే, కాగితం మీద 'తమ్ముడు' అని రాయించాడు. నాకన్నా మూడేళ్లు పెద్దవాడు, ఆ దొంగవెధవ!

ఆపరేషనుకి ముందురోజు పెద్ద డాక్టరు వచ్చాడు. సన్నగా, నలభై దాటని మనిషి. యంత్రం తనంతట తాను కదలదని, తన వేళ్లు ఎటు కదిలితే దాని చేతులూ అటే కదులుతాయని ఓపిగ్గా చెప్పాడు. సుబ్బారావు తెలుగు చేశాడు. అంతా విని, "ఆయన చెయ్యి ఒకసారి ఇమ్మను" అన్నాను.

"పరువు తీయమాకరా."

"ఇమ్మను. చెయ్యి చూడకపోతే నేను రేపు లోపలికి వెళ్లను."

సుబ్బారావు గొంతు సవరించుకుని మా యార్డు సంగతంతా చెప్పాడు. డాక్టరు నవ్వాడు, కానీ వెటకారం లేదు ఆ నవ్వులో. మంచం అంచున కూర్చుని చెయ్యి చాపాడు. నా తువ్వాలు కప్పాను. వెచ్చటి చెయ్యి, ఎక్కడా తొందర లేదు. "నేను బాగుపడతానని ఎన్ని వేళ్లు ఇస్తాడో అడుగు. ఐదు పడితే పూర్తి భరోసా అని చెప్పు" అన్నాను.

డాక్టరు నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగాడు. చిటికెనవేలు వదిలేసి ఏదో అన్నాడు. "అది తన చేతిలో లేదంటున్నాడ్రా. ఆ ఒక్కటీ నీదీ, పైవాడిదీ అంట" అన్నాడు సుబ్బారావు. ఐదూ పట్టేసి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. తువ్వాలు మడిచి ఖాసింబీకి ఇచ్చి, "రేపు వెళతాను" అన్నాను.

ఆ తర్వాత రోజు గురించి నాకు తెలిసింది తక్కువ. తీసుకెళుతుంటే దారంతా దీపాలు. మలయాళీ నర్సు ఒకమ్మాయి నా నుదుటి మీద అరచెయ్యి పెట్టి ఉంచింది. అంతవరకే గుర్తు. బయట కూర్చున్నవాళ్లకే అది నిజంగా పెద్ద రోజు. చెప్పిన వేళకన్నా రెండు గంటలు ఆలస్యమైందట. ఆ రెండు గంటలూ ఖాసింబీ తస్బీ పూసలు తిప్పింది, సుబ్బారావు హనుమంతుణ్ణి తలుచుకున్నాడు, ముసలావిడ తన దేవుణ్ణి తలుచుకుంది. షమీమ్ గుంటూరు డాక్టరు గారి ఫోను నంబరు పదిసార్లు నొక్కి పదిసార్లు ఆపేసిందట.

గడ్డ తీసేశారు. కానీ ఊపిరి నా అంతట నేను గట్టిగా తీసుకునేదాకా నోట్లో గొట్టం ఉంచారు. ఒక్కరే లోపలికి రావచ్చు, ఐదు నిమిషాలు. షమీమ్ వాళ్లమ్మని ముందుకు తోసింది. ఖాసింబీ కదల్లేదు.

"ముందు మీరు వెళ్లండన్నయ్యా. ఆయన మాట్లాడలేరట. ఆ చెయ్యి చదవటం నాకు రాదు, మీకొచ్చు."

నేను కళ్లు తెరిచేసరికి పచ్చ టోపీ పెట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని సుబ్బారావు. రెండు కళ్లలోనూ నీళ్లు. నాకు ఒక్క సుబ్బారావే కనిపించాడు. అది మంచి శకునమే అనుకున్నాను. వాడు దుప్పటి కింద చెయ్యి పెట్టి నా చెయ్యి వెతుక్కున్నాడు. "ఎట్టా ఉందిరా?" అన్నాడు.

వాడి వేళ్లు పట్టుకోవటం మొదలుపెట్టాను. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు, బొటనవేలు. చిటికెనవేలి దగ్గర బలం చాలలేదు. ఊపిరి ఆపుకుని మళ్లీ ప్రయత్నించాను. జారింది. వాడు తొందర పెట్టలేదు, చెయ్యి తియ్యలేదు. పక్కన యంత్రాలు కూస్తున్నాయి. ఇంకోసారి పట్టాను. ఈసారి అందింది.

"ఐదు! చెల్లెమ్మా, ఐదు!" అని వాడు లోపలినుంచే అరిచిన అరుపుకి, నర్సమ్మాయి పరిగెత్తుకొచ్చి వాణ్ణి బయటికి గెంటేసింది. ఆ అరుపు అర్థం అక్కడ కూర్చున్న ఎవరికీ తెలియదు, ఖాసింబీకీ షమీమ్‌కీ తప్ప. ఖాసింబీ ముసలావిణ్ణి కావలించుకుందట.

2010, ఫిబ్రవరి చివర

ఇంటికొచ్చాక ఒక్కసారిగా గుర్రమెక్కలేదు నేను. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. బలం నెలల తరబడి మెల్లగా వస్తుందన్నారు, అలాగే వస్తోంది. సాయంత్రం బాగా అలిసిపోతే రెప్ప కొంచెం బరువెక్కుతుంది. ముప్పై రెండేళ్లు కాపురం చేసినా చెయ్యి చదవటం నేర్పలేదని ఖాసింబీ సాధిస్తుంటే ఆవిడకీ వేళ్ల లెక్క నేర్పాను. ఇప్పుడు వంటింట్లోంచి వచ్చి, కొంగు కింద చెయ్యి పెట్టి, ఇడ్లీలు ఎన్ని కావాలో తేల్చుకుంటుంది. బేరంలో ఎప్పుడూ ఆవిడదే పైచెయ్యి.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. పొద్దున బాగుండి సాయంత్రానికి కనురెప్ప వాలిపోతుంటే, నమలటానికి అలుపొస్తుంటే, ఘాటనో వయసనో సరిపెట్టుకోకండి. వెళ్లి చూపించుకోండి. మీ పక్కవాడి చెయ్యి ఉన్నట్టుండి వదులైతే, కోపం తెచ్చుకునే ముందు ఒంట్లో ఎలా ఉందని ఒక్కసారి అడగండి.

ఇక ఆఖరుది. మొన్న మొదటిసారి యార్డుకి వెళ్లాను. లోపల అడుగు పెట్టగానే దగ్గొచ్చింది. హమాలీలంతా బిగుసుకుపోయి నన్నే చూశారు. ఆ తర్వాత వాళ్లూ దగ్గారు, అందరం నవ్వుకున్నాం. నా కొట్టు ముందు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు బ్రహ్మయ్య. "మీరొస్తున్నారని సుబ్బారావు గారు కబురు పెట్టారు. మీరొచ్చిందాకా అమ్మనన్నా" అన్నాడు.

సుబ్బారావు వచ్చి కాయ విరిచి చూసి చెయ్యి చాపాడు. తువ్వాలు కప్పాను. నేను వాడి వేళ్లు ఐదూ ఒక్కొక్కటిగా పట్టాను. చిటికెనవేలిని కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాను. వాడు తల ఊపాడు. నేను తువ్వాలు తియ్యబోతే ఆపి, ఈసారి తనే నా చిటికెనవేలు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"ఐదే అడిగానురా. ఆరంటావేంటి?" అన్నాను.

"ఐదు ఈ ఏటిది. ఈ ఒక్కటీ పెద్దాయనకి పోయినేడు పోయిన వేలు" అన్నాడు.